అరగని కొమ్ము

అక్షరాలు ఆలస్యంగా దిద్దినదాన్ని. ఒక పేజీకి రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే మన్నించి చదువుకోండి. ఇది నాకు పలక పట్టించిన అమ్మాయి సంగతి. ఆమె చెప్పినట్టే రాశాను.

పాప మళ్లీ లేవలేదు.

ప్రిసిల్లా అరికాలు గిల్లి చూసింది. యాభై రోజుల హదస్సా పెదవులు కాస్త కదిపి, మళ్లీ నిద్రలోకి జారిపోయింది. పది రోజుల కిందటి వరకు ఇల్లెగిరిపోయేలా ఏడ్చిన పిల్ల. ఇప్పుడు పాలకు కూడా ఏడవడం లేదు.

పెరటి గుమ్మం దగ్గర సానరాయి చప్పుడు. సర్ర్... సర్ర్...

పాపకు రోజూ స్నానం చేయించడానికి వచ్చే రోసమ్మ, వసకొమ్ము అరగదీస్తోంది. ఆ పని పురమాయించింది అత్తగారు విజయమ్మ.

"వస పట్టించు రోసమ్మా. మా ఐజాక్‌కి పట్టించబట్టే ఏడాదికల్లా మాటలొచ్చేశాయి."

"ఐజాక్ సారు జెర ఆగితే గద, మనం సుత మాట్లాడేది," అని అప్పుడు రోసమ్మ నవ్వింది.

ఆ కొమ్మును ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు. వీపు తిప్పి కూర్చుని అరగదీస్తుంది. పని కాగానే కొంగున ముడేసుకుంటుంది. పది రోజులుగా అరగదీస్తున్నా అది వేలెడు పొడవు అలాగే ఉంది. ప్రిసిల్లా ఆ కొంగు ముడి వైపే చూస్తూ ఉండేది.

నడుం పట్టేసింది. ఐజాక్ ఈమధ్య తెచ్చిన నడుం నొప్పి పొడిని వేడిపాలలో చెంచాడు కలుపుకొని తాగి, అత్తగారితో కలిసి పాపను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది.

"పాపకు నాటుమందులేమైనా పట్టిస్తున్నారా?"

"వస," అంది ప్రిసిల్లా, అత్తగారి వైపు చూడకుండా.

"ఇవాళే ఆపండి. రెండు రోజుల్లో తేరుకోకపోతే అడ్మిట్ చేద్దాం. అసలది వసో, ఇంకేమైనానో కనుక్కోండి."

మర్నాడు రోసమ్మ రాగానే ప్రిసిల్లా ఆమె కొంగు ముడి విప్పి కొమ్ము లాక్కుంది.

"ఏం పెడుతున్నావు నా బిడ్డకి? మత్తుమందు పెట్టి పడుకోబెడితే నీకు పని సులువు, అంతేగా? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!"

"నా చేతుల నీ పాపకు ఏం గాదు బిడ్డా."

"వెళ్లు!"

రోసమ్మ గడప దాటి, ఒక్కసారి వెనక్కి తిరిగింది. "పండనియ్యకు. లేపి లేపి పాలియ్యి. తల్లిపాలకు మించిన మందు లేదు."

ప్రిసిల్లా అలాగే చేసింది. గంట గంటకూ లేపి పాలిచ్చింది. రెండు రోజులు గడిచాయి. పాప ఇంకా వాడిపోయింది.

మూడో రోజు పొద్దున్నే పాలు పిండి సీసాలో పోసి, పాపను విజయమ్మకు అప్పగించింది. కొమ్మునూ, మళ్లీ కొనడానికి ఖాళీ అయిన తన పొడి పొట్లాన్నీ సంచిలో వేసుకొని, రెజిమెంటల్ బజార్‌లో కిషన్ మూలికల దుకాణానికి వెళ్లింది. ఐజాక్ పొడి కొన్నదీ అక్కడే. రెండూ బల్ల మీద పెట్టి, ముందు కొమ్ము చూపించింది.

"ఇందులో ఏ విషముందో చెప్పండి. డాక్టర్‌కి చెప్పాలి."

కిషన్ కొమ్మును వాసన చూశాడు. గోటితో గీరాడు. నవ్వాడు.

"గిది వస గాదమ్మా, చపాతీ కర్ర ముక్క. రోసమ్మది గదా? ఆమె తొలిచూలు బిడ్డ వస పట్టినంక వాంతులై పోయిండు. అప్పటి సంది పెద్దోళ్ల నోరు మూయించనీకి ఉత్త కర్రనే అరగదీస్తది. నాలుకకు రాసేది నీళ్లే."

"మరి నా పాప ఎందుకు లేవట్లేదు?"

ఫోన్ మోగింది. విజయమ్మ గొంతులో సంతోషం. "సీసా మొత్తం తాగేసిందే! మళ్లీ హాయిగా పడుకుంది."

కిషన్ బల్ల మీది ఖాళీ పొట్లాన్ని చూశాడు. ప్రిసిల్లా కుర్తీ మీది పాల తడిని చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"నడుం నొప్పని తీస్కపోయిండు గని, పాలిచ్చే తల్లికని మీ సారు చెప్పనే లేదు గదమ్మా, గీ పొడిల మత్తు పాలల్లకు దిగుతది!"

రాసినది: రోసమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది యాప్రాల్‌లో, హదస్సా వాళ్ల ఇంట్లో.