రానక్కర్లేదు

"తమ్మీ, పని అయింది!" ఊరినుంచి ఫోన్లో అన్న లస్మన్న గొంతు హుషారుగా ఉంది. "తుపాకి లైసెన్సులున్న రైతులతోని పోయి ఎమ్మెల్యేను గట్టిగ అడిగినం."

ఖతార్‌లో, మెసయీద్ క్యాంప్‌లో, రత్నాకర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. ఊళ్ళో తమ మక్కచేన్లో అడవిపందుల్ని బెదరగొట్టే తుపాకి అతని పేరనే ఉంది.

"లైసెన్సు గడువు దాటినా సరే, గల్ఫ్‌ల ఉన్నోళ్లు ఠాణకు రానక్కర్లేదట. నీకు పంపే నోటీసు గూడ ఆపిండ్రు. ఇగ నిమ్మళంగ డ్యూటీ చేస్కో. సంబురమేనా?"

"సంబురమే అన్నా."

ఫోన్ పెట్టేసి రత్నాకర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మూడేళ్ళుగా లీవివ్వని మేనేజర్, పోలీసు నోటీసులాంటిది చూపిస్తే తప్ప ఊరికి పంపనన్నాడు. అందుకే రత్నాకర్ లైసెన్సు గడువు కావాలనే దాటించాడు.