పాత కంపెనీ టీషర్టు

“అడిగితే పాత కంపెనీ పేరే చెప్పు. బ్లాగు మాటెత్తకు,” అన్నాడు చలపతిరావు, అద్దం ముందు నాలుగోసారి తల దువ్వుకుంటూ.

శ్యామ్ గుమ్మంలో నిలబడి బురద బూట్లు విప్పుతున్నాడు. వాన పడితే సెల్లారులో నీళ్ళు నిలుస్తాయో లేదో చూడడానికి పొద్దున్నే నానక్‌రామ్‌గూడలో ఒక కొత్త అపార్ట్‌మెంటుకు వెళ్ళొచ్చాడు. అతని పని అదే. ఫ్లాటు కొనబోయేవాళ్ళ తరఫున గోడలు తట్టి, కుళాయిలు తిప్పి చూసి, ఉన్నదున్నట్టు తన బ్లాగులో రాస్తాడు. ఆ రాతల కోసమే పోయిన నెల కంపెనీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. అప్పటినుంచీ కూకట్‌పల్లిలోని ఆ ఇంట్లో తండ్రీకొడుకులు ఉప్పూ నిప్పులా ఉంటున్నారు.

“అబద్ధం చెప్పమంటావా?”

“ఒక్క గంట నాన్నా! వాళ్ళొచ్చి చూసుకుని వెళ్ళేదాకా. రసజ్ఞలాంటి పిల్ల మళ్ళీ దొరకదు. వాళ్ళ నాన్న నరసింహమూర్తిగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. ఒకటో తారీఖున బ్యాంకులో పడేదే ఆయన దృష్టిలో సంపాదన. ఈ సంబంధం తప్పిపోతే నేను తట్టుకోలేను.”

“నా పని వాళ్ళకు నచ్చకపోతే ఇవాళే తెలియడం మంచిది.”

“నీ వయసేమిటి, నువ్వు చేస్తున్న పనేమిటి? నీతో చేరినవాళ్ళంతా పెద్ద పెద్ద మేనేజర్లయ్యారు. నువ్వేమో జీతం వదులుకుని సెల్లార్లు పట్టుకు తిరుగుతున్నావు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!”

“మెతుకెందుకు లేదూ? పొద్దున నువ్వు తిన్న పెసరట్టు బ్లాగు పెట్టిందే.”

ఆ మాట నిజమే. ఈ నెల ఇల్లు గడిచింది ఆ రాతలతోనే. చదివేవాళ్ళు చందా కడుతున్నారు, కొనేవాళ్ళు ఫీజు ఇస్తున్నారు. మా ఫ్లాట్లు బాగున్నాయని రాస్తే ప్రకటనలిస్తామన్న బిల్డర్‌ని శ్యామ్ గేటు దగ్గరినుంచే పంపేశాడు.

“ఒక నెల గడిచిందని ఏళ్ళన్నీ గడుస్తాయా? బ్లాగు రాసి బతికినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. నలుగురూ నవ్విపోతారు.”

“నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది. నీ కోసమే నాన్నా, ఇన్నేళ్ళూ గచ్చిబౌలి బస్సెక్కి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. నీకు నచ్చినట్టే అన్నీ జరిగాయి. ఇక మీదట నాకు నచ్చినట్టు బతుకుతాను.”

చలపతిరావు దువ్వెన బల్లమీద పడేశాడు. తాత పేరు పెట్టుకున్న, పేరులోనే పెద్దరికం ఉన్న మనిషి. కోపం వస్తే ఇంట్లో అందరూ తగ్గాల్సిందే. ఈసారి శ్యామ్‌కీ కోపం వచ్చింది. కోపం కంటే బాధే ఎక్కువ వేసింది. ఇన్ని మాటలనే బదులు ఒక్కసారి ఆ బ్లాగు తెరిచి చదవొచ్చు కదా అనిపించింది.

“ఇద్దరూ ఆపండి. కింద వాచ్‌మన్‌దాకా వినిపిస్తోంది,” అంది వంటింట్లోంచి కనకలక్ష్మి. “వినబడిందా, ఆ అద్దం ముందున్నవాళ్ళకి?”

కోడలిగా ఆ ఇంట అడుగుపెట్టిన నాటినుంచీ చలపతిరావు అనే పేరు ఆవిడ నోటితో పలకలేదు.

అంతలో శ్యామ్ ఫోను మోగింది. నానక్‌రామ్‌గూడలో టిఫిన్ సెంటరు నడిపే సక్కుబాయి.

“అన్నా, ఏమైంది? సెల్లారుల నీళ్ళొచ్చినయా?”

“మోకాలిదాకా నిలిచాయమ్మా. అడ్వాన్సు ఇవ్వకండి. ఫొటోలతో సహా ఇవాళే రాసేస్తాను.”

“బతికించినవన్నా! సాయంత్రం పైసలు కడ్దామనుకున్న. గా బిల్డరు నీ మీద గరమైతడేమో, జర పైలం.”

“కానీండమ్మా,” అని నవ్వాడు శ్యామ్.

ఫోను పెట్టేసరికి చలపతిరావు ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతిలో పాత కంపెనీ గుర్తు ఉన్న టీషర్టు.

“ఇది వేసుకో. నోటితో అబద్ధం చెప్పనక్కర్లేదు, చొక్కానే చెబుతుంది.” టీషర్టు ముందుకు చాపాడు. “నీ కాళ్ళు పట్టుకుంటాను నాన్నా.”

శ్యామ్ టీషర్టు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చలపతిరావు మాట కాదనడం అతనికెన్నడూ అలవాటు లేదు. ఒక్క గంటే కదా, వేసుకుంటే ఏం పోయింది అనుకున్నాడు. తల దూర్చబోయి ఆగాడు. ఇవాళ వీళ్ళ ముందు తలవంచితే రేపు బిల్డరు ముందూ వంచాలి. టీషర్టు మడిచి మంచం మీద పెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

బయట కాలింగ్ బెల్ మోగింది. కుర్చీలు జరిగాయి, కాఫీ వాసన వచ్చింది. రసజ్ఞ తల్లిదండ్రులు కలుపుగోలుగానే మాట్లాడుతున్నారు. మెట్రో స్టేషన్ దగ్గరేనని మురిసిపోతున్నారు. కాసేపటికి నరసింహమూర్తి గొంతు సవరించుకున్నాడు.

“అన్నట్టు, అబ్బాయి తండ్రిగారు ఏం చేస్తుంటారమ్మా?” అని కనకలక్ష్మిని అడిగాడు.

“అదీ… అదీ…” అని ఆవిడకు బదులు చలపతిరావు తడబడడం గదిలోకి వినిపించింది.

శ్యామ్ తలుపు తీసుకుని హాల్లోకి వచ్చి, అందరికీ చేతులు జోడించాడు.

“అబ్బాయి తండ్రిని నేనేనండి, బ్లాగు రాస్తాను.”