పై పళ్లున్న జత

“దీనికి పై పళ్లేవయ్యా?” అన్నాడు పళ్ల డాక్టరు, గొర్రె మూతి రెండు చేతులా విప్పి పట్టుకుని.

కాపరి జవాబు చెప్పేలోగా కారు దగ్గర నుంచి డాక్టరు భార్య గొంతు వినిపించింది. ఇది ఆరో మంద అనీ, ఇవాళ కూడా వట్టి చేతులతో ఇంటికెళితే గొర్రెల కోసం అట్టేపెట్టిన అరెకరం తన తమ్ముడికి రాసిచ్చేస్తాననీ గుర్తుచేసింది. స్థలం ఆవిడ పేరునే ఉంది. అన్నంత పనీ చేసే మనిషి.

గొర్రెలు పెంచుకోవడం డాక్టరు సరదా. చాకిరీ లేని గొర్రెలైతేనే సరేనన్నది ఆవిడ షరతు. వీటికి బొచ్చు కత్తిరించక్కర్లేదనీ, గిట్టలు చెక్కక్కర్లేదనీ, మందూమాకూ అక్కర్లేదనీ కాపరి చెప్పాడు. ఆవిడ ఒప్పుకుంది. ఒప్పుకోనిది డాక్టరే. ప్రాక్టీసు మానేశాడేగాని ఆయన వేళ్లు మానలేదు. నోరు చూడందే దేన్నీ నమ్మడు.

పన్నెండు గొర్రెల నోళ్లు చూశాడు. కింది వరస ఉంది. పైన ముందు పళ్లు దేనికీ లేవు.

“గొర్రెలకి పైన ముందు పళ్లు పుట్టుకతోనే ఉండవండీ,” అన్నాడు కాపరి.

“నలభై ఏళ్లు నోళ్లలో బతికినవాణ్ణి, నాకా చెబుతున్నావు? ఆ ఐదు మందలవాళ్లదీ ఇదే పాట. ముసలివాటిని అంటగట్టాలని అందరూ కూడబలుక్కున్నారు. రేపు ఇవి గడ్డి కొరకలేకపోతే పూటపూటా జావ కాచి పొయ్యాలి. అది చాకిరీ కాదూ?”

పాక ముందు బల్ల మీద కూర్చుని కాపరి తండ్రి కాల్చిన మొక్కజొన్న పొత్తు కటకటా కొరుకుతున్నాడు. “మీరు కట్టిన పళ్లే బాబూ. ఎనిమిదేళ్లయింది. ఇనప గుగ్గిళ్లయినా నమిలేస్తాను,” అన్నాడు.

డాక్టరు పొంగిపోయాడు. “చూశావా? పళ్లంటే అలా ఉండాలి,” అన్నాడు కాపరితో.

కాపరి తన తండ్రి వంక చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత, పై పళ్లున్న జత ఒకటుందనీ, అయితే తండ్రిని అడగాలనీ చెప్పాడు. వెళ్లి ముసలాయన చెవిలో ఏదో గొణిగాడు. ముసలాయన ససేమిరా అన్నాడు. కొడుకు ఆయన గడ్డం పట్టుకుని బతిమాలాడు. చివరికి ముసలాయన పొత్తు బల్ల మీద పడేసి, తిట్టుకుంటూ కొడుకు వెంట పాక వెనక్కి నడిచాడు.

కాపరి ఒక్కడే ఒక గొర్రెను పట్టుకొచ్చాడు. బెదురు గొడ్డనీ, కొత్తవాళ్లు ముట్టుకుంటే కరుస్తుందనీ చెప్పి, మూతి తనే పట్టుకుని ఇలా తెరిచి అలా మూశాడు. డాక్టరుకి ఆ మాత్రం చాలు. పైన నిండు వరస తళతళలాడింది; ఎడమ పక్క మాత్రం చిన్న పెచ్చు ఊడి ఉంది. దాన్ని పాక వెనక్కి తీసుకెళ్లి రెండోదాన్ని తెచ్చాడు. దానికీ అదే వరస. ఎడమ పక్క అదే చిన్న పెచ్చు.

“కవలలా?”

“అవునండీ. తల్లి పోలిక.”

మనుషుల్లో కూడా, తను కట్టినవాళ్లకి తప్ప, ఇంత చక్కటి పళ్లు చూళ్లేదన్నాడు డాక్టరు భార్యతో. ఆవిడ తమ్ముడి ఊసెత్తలేదు. జత కారు వెనక ట్రాలీ ఎక్కింది.

కారు మలుపు తిరిగేదాకా కాపరి చేతులు జోడించుకునే నిలబడ్డాడు. అప్పుడు పాక చాటు నుంచి ముసలాయన వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. సగం కొరికిన పొత్తు అందుకుని, బోసినోటితో కొడుకుని గదిమాడు.

“ఇక నా పళ్లు కడిగి ఇవ్వరా, పొత్తు చల్లారిపోతోంది.”