జనాభా ఒకటి

పొద్దున్నే మబ్బు కమ్మింది గానీ చినుకు పడలేదు. ఊరికి బస్సు ఉంచాలో వద్దో తేల్చడానికి జనాన్ని లెక్కపెట్టబోయిన డిపో గుమస్తా భానుప్రకాష్‌కి తాతమ్మ ఒక్కతే కనపడింది, ఎండుచేపల మీద కాకుల్ని తోలుతూ.

"ఊరేదమ్మా?"

"బస్సెక్కిందండీ. ఖాళీగా తిరుగుతోందని తీసేస్తారంటగా! అందుకే ఇవాళ అందరూ ఎక్కి బందరెళ్ళారు."

"మరి జనాభా ఒకటని రాసుకోనా?"

"నలుగురని రాయండి. నా నోరే ముగ్గురి పెట్టు."

అతను నవ్వలేదు. "రోజూ ఎందుకెక్కరు?"

"కండక్టరు చేపల గంపలు ఎక్కనివ్వడు. గంప లేకుండా బందరెళ్ళి ఏమమ్ముకోవాలి, టిక్కెట్లా?"

భానుప్రకాష్ జనాభా గడి కొట్టేసి, 'గంపలు ఎక్కనివ్వాలి' అని రాశాడు.

తాతమ్మ రెండు కంచాలు పెట్టింది. ఎండుచేపల పులుసుతో ఇద్దరూ అన్నం తిన్నారు.