పీర్ సాహెబ్ సూది

పున్నమ్మ మూడోసారి కూడా చెయ్యి వెనక్కి లాక్కుంది.

రక్తం తీసుకుపోవడానికి దాచేపల్లి ల్యాబ్ నుంచి వచ్చిన నీరజ, సూది పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. చీమ కుట్టినట్టు కూడా ఉండదని బతిమాలింది. పున్నమ్మ విననట్టే మిరపకాయల చాట ముందుకు లాక్కుని తొడిమలు తీయసాగింది. చేసేది లేక నీరజ పెట్టె సర్దుకుని బండెక్కింది.

ఎదురింటి అరుగు మీద కూర్చుని ఇదంతా చూసిన పీర్ సాహెబ్ తల దించుకున్నాడు. ఒకప్పుడు ఆ ఊరికి ఆయనే డాక్టరు. పెద్ద చదువేం లేదు గానీ, జ్వరమొచ్చినా తేలు కుట్టినా జనమంతా ఆయన వాకిట్లోనే ఉండేవాళ్ళు. ఇప్పుడు డెబ్భై ఏళ్ళు దాటాయి. పదమూడేళ్ళుగా ఆయన ఎవరికీ సూది వెయ్యలేదు.

పున్నమ్మ కొడుకు గోపీచంద్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇరవై నాలుగేళ్ళకే హెపటైటిస్ బి వాడి కాలేయాన్ని తినేసింది. పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి మంచం పట్టాడు. మందులతో ఇక లాభం లేదన్నారు. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రివాళ్ళు మాత్రం స్టెమ్ సెల్స్‌తో ఏదో ప్రయోగం చేస్తున్నారట. రక్తసంబంధీకుల ఎముక మజ్జలోంచి మూలకణాలు తీసి, వాటిని పెంచి, రోగికి ఎక్కిస్తారట. పాడైపోయిన కాలేయం వాటితో మళ్ళీ చిగురిస్తుందేమోనని చూస్తున్నారు. గ్యారంటీ లేదు, ఆశ మాత్రం ఉందని అక్కడి డాక్టరు ముందే చెప్పేశాడు. గోపీకి తండ్రి పోయాడు, తోబుట్టువులు లేరు. ఇవ్వగలిగింది తల్లి ఒక్కతే. ముందు ఆమె రక్తం పరీక్ష చెయ్యాలి. శనివారంలోగా రిపోర్టు అందకపోతే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది. ఇవాళ గురువారం.

కుండ మూతికి మూకుడుంది గానీ ఊరి మూతికి మూకుడేదీ? సూదికి భయపడి చెట్టంత కొడుకును చంపుకుంటున్న తల్లిని ఎక్కడా చూడలేదని ఆడవాళ్ళు పున్నమ్మ మొహానే అనేశారు. ఆమె తొడిమలు తీస్తూనే ఉంది. ఆ మాటలు చెవిన పడ్డప్పుడల్లా ఇవతల పీర్ సాహెబ్ మాత్రం చచ్చిపోతున్నాడు. ఆ భయం ఆమెకు పెట్టిందెవరో ఆయనకు తెలుసు.

పదకొండో ఏట గోపీకి కామెర్లు వస్తే, పిడుగురాళ్ళలో పరీక్ష చేయించారు. జబ్బు అప్పుడే బయటపడింది. ఆ రోజు పున్నమ్మ జుట్టు విరబోసుకుని ఆయన వాకిట్లోకొచ్చి, నీ సూదే నా బిడ్డకు విషం ఎక్కించిందని దుమ్మెత్తి పోసింది. వెనకే ఆమె మొగుడూ, అత్తా నిలబడ్డారు. పీర్ సాహెబ్ ఔననలేదు, కాదనలేదు. మర్నాడే మందుల బీరువాకు తాళం వేశాడు. ఆ తర్వాత వీధిలో పిల్లలందరికీ పరీక్షలు చేయిస్తే ఒక్కరికీ ఏమీ లేదని తేలింది. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. ఎందుకో అల్లాకు తెలుసు, ఆయనకు తెలుసు.

అప్పటినుంచీ ఇంట్లో ఎసరు మరిగితే చాలు, గిన్నెలో సూదులు ఉడుకుతున్న చప్పుడే వినిపిస్తుంది. పట్టపగలు నమాజులో కళ్ళు మూసుకుంటే, ఆరేళ్ళ గోపీ చొక్కా చెయ్యి పైకి మడుచుకుని ఎదురుగా నిలబడతాడు. ఏడవడు. నాకు భయం లేదు తాతా అంటాడు. చచ్చినవాళ్ళు పట్టుకుంటే వదిలించేవాళ్ళున్నారు గానీ, బతికున్న పిల్లాడు పట్టుకుంటే ఎవరు వదిలిస్తారు? ఆయన ఎవరినీ అడగలేదు. అడిగే మొహమూ లేదు.

పీర్ సాహెబ్ కర్ర ఊతంగా లేచి వీధి దాటాడు. ఆ గడప తొక్కి పదమూడేళ్ళయింది.

పున్నమ్మ తలెత్తలేదు, పొమ్మనీ అనలేదు. లోపల మంచం మీద గోపీ మగతగా పడున్నాడు. పీర్ సాహెబ్ చాట పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. తన మజ్జ తీసుకోమని ఆస్పత్రికి ఫోన్ చేయించాననీ, వయసు మించిపోయింది, పైగా రక్తసంబంధం కాదని వద్దన్నారనీ చెప్పాడు. రేపు తనే వెంటబెట్టుకుని పోతాననీ, కొత్త సూది ఆమె కళ్ళ ముందే కవరు చింపి తీయిస్తాననీ అన్నాడు.

"సూదంటే నాకేం భయం లేదు మామా" అంది పున్నమ్మ.

"ఉంటదమ్మా. పెట్టింది నేనేగా" అన్నాడాయన. "పద్దెనిమిదేళ్ళ కిందట విషజ్వరాలప్పుడు వాకిట్లో పదకొండు మంది పిల్లలు. స్టవ్వులో కిరసనాయిలు అయిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సూది ఉడకబెట్టకుండా వేశాను. ఆ పిల్లాడు మీ గోపీ. ఈ సంగతి మా ఆవిడ హజ్రా బీకి కూడా చెప్పలేదు. నువ్వు తిట్టిన ప్రతి తిట్టూ నాకు తగిందే. ఆ కోపం నా మీద తీర్చుకో అమ్మా, కొడుకు మీద కాదు."

పున్నమ్మ చేతులు ఆగిపోయాయి. పదమూడేళ్ళలో మొదటిసారి ఆయన మొహంలోకి సూటిగా చూసింది. కళ్ళు నిండిపోతుంటే మిరప చేతులతోనే తుడుచుకోబోయింది.

"వద్దమ్మా, మండుద్ది" అన్నాడు ముసలాయన, పాత అలవాటుకొద్దీ.

"మండనియ్యి" అంది. తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఆ రోజు మా అత్త, మా ఆయన నా పక్కనే ఉన్నారు మామా. ఎవరో ఒకరి పేరు చెప్పాల్సొచ్చింది."

ఆయనకు అర్థం కాలేదు.

"గోపీ కడుపులో ఉన్నప్పుడే ఆస్పత్రిలో చెప్పారు, కాన్పులో బిడ్డకు అంటుద్దని. ఆ జబ్బు నా రక్తంలోనే ఉంది."