కుడికాలు

సిగరెట్టు అందించడం అరనిమిషం ఆలస్యమైంది. అతని కుడికాలు ఆమె పక్కటెముకల కింద తగిలింది.

ఆమె రేకుముక్కల మీద పడింది. మోచెయ్యి కోసుకుపోయింది. అయినా చేతిలోని అగ్గిపెట్టె వదల్లేదు. లేచి, సిగరెట్టు ముట్టించి, అతని పెదాల మధ్య పెట్టింది.

అతను రేకు పెట్టెలు చేస్తాడు. రెండు చేతులతో రేకును పట్టుకుని కుడికాలితో పెడల్ తొక్కితే, పైనున్న కత్తి దిగి రేకును కోస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే తొక్కుడు. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి సిగరెట్టు ముట్టించి నోట్లో పెట్టడం భార్య పని. అంచులు మడవడం, గొళ్ళేలు బిగించడం కూడా ఆమె పనే.

ఆ కాలి బలం చూసి వీధిలో అందరూ అతన్ని గుర్రం అంటారు. ఆ మాట వింటే అతనికి మహా సంతోషం.

ఆ కాలివల్లే ఆమెకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నాలుగో నెలలోనే. మొదటిసారి గొళ్ళెం వంకరగా బిగించినందుకు. రెండోసారి ఎందుకో అతనికే గుర్తులేదు.

“మెట్లమీంచి జారిందమ్మా,” అని అత్త రెండుసార్లూ నర్సుకు చెప్పింది. వాళ్ళ ఇంటికి మెట్లే లేవు.

ఆ చలికాలం అతని చేతులూ కాళ్ళూ చల్లబడటం మొదలైంది. పొద్దున్నే రేకు పట్టుకుంటే వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడేవి. తరువాత నీలంగా మారేవి. కుడిపాదం మరీ. దుప్పట్లో అది తగిలితే ఆమె ఉలిక్కిపడేది. వీధి చివరిదాకా నడిస్తే అతనికి పిక్క పట్టేసేది.

“ముసలిదాన్ని, నా కాళ్ళే వెచ్చగా ఉంటాయి. నీకిదేం చలిరా?” అంది అత్త.

“పొగ లోపలికెళ్తే ఒళ్ళు అదే వేడెక్కుద్దిలే,” అని అతను రోజుకు ఇంకో అరప్యాకెట్టు పెంచాడు.

చివరికి తల్లి పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వెంట భార్య. డాక్టరు అతని చీలమండల దగ్గర నాడి వెతికాడు. దొరకలేదు. కాలు పైకెత్తి పట్టుకుంటే పాదం పాలిపోయింది. కిందికి దించితే కందిపోయింది.

“చూడు బాబూ, ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా వినాలి,” అన్నాడు డాక్టరు.

“వినడానికి ఇది ఉందిగా సార్. నేను పని ఆపుకుని వచ్చా,” అంటూ అతను జేబు తడుముకుని బయటికి వెళ్ళిపోయాడు.

డాక్టరు ఆమెతోనే చాలాసేపు మాట్లాడాడు. ఆమె తలూపి, చీటీ తీసుకుని వచ్చింది.

“ఏమన్నాడు?”

“రక్తం సరిగ్గా పారట్లేదంట. చలి తగలకూడదంట. ఉన్ని మేజోళ్ళు వేసుకోవాలంట. ఈ మాత్రలు పూటకొకటి.”

“ఈ మాత్రం చెప్పడానికి పూటంతా పాడుచేశాడా?”

కోపం డాక్టరు మీద. దెబ్బ ఆమె చెంప మీద పడింది.

ఆ రోజు తరువాత సిగరెట్టు ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. ఒకటి ఆరకముందే ఇంకోటి సిద్ధంగా ఉండేది. వాన పడుతున్నా తలమీద సంచి కప్పుకుని వెళ్ళి ప్యాకెట్లు తెచ్చేది. మాత్రలు వేళకు ఇచ్చేది. మేజోళ్ళు తనే తొడిగేది.

“ఇన్నాళ్ళకు దారికొచ్చావే,” అంది అత్త. “ఇలా కనిపెట్టుకుని ఉంటే వాడు మాత్రం ఎందుకు కొడతాడు?”

కొట్టాడు. మాత్రలు పనిచేయనందుకు కొట్టాడు. మేజోడు బిగుతైనందుకు జుట్టు పట్టుకుని తలను పెట్టెకేసి మోదాడు. ఆమె లేచి, పెట్టె మూతమీది నెత్తురు తుడిచింది. మర్నాడు ఆ పెట్టె అమ్ముడుపోయింది.

చలికాలం పోయినా ఆ పాదం వెచ్చబడలేదు. ఆమెకు మళ్ళీ నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదు. వాంతి వస్తే కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కక్కుకునేది.

నాలుగో నెలలో అత్త కనిపెట్టి కొడుక్కి చెప్పింది.

“నా దగ్గరే దాస్తావా?” అతను లేచాడు.

ఆమె వెనక్కి జరిగింది. వీపు రేకు కోసే యంత్రానికి ఆనింది. ఇక వెనక్కి చోటు లేదు. రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది.

కాలు లేచింది. ఈసారి ఆమె పక్కకు తప్పుకుంది.

పాదం వెళ్ళి ఇనపకమ్మికి తగిలింది. బొటనవేలి గోరు ఊడిపోయింది. అతను అరవలేదు. అతనికసలు తెలియలేదు. మేజోడు ఎర్రగా తడిశాక కిందికి చూశాడు.

ఆ పుండు మానలేదు. వేలు నల్లబడింది. తరువాత పక్క వేలు. నలుపు చీలమండ దాకా పాకింది. అతను కాలు మంచం కిందికి వేలాడేసుకుని, నొప్పికి అరిచి, బూతులు తిట్టి, సిగరెట్టు అడిగేవాడు. ఆమె ముట్టించి నోట్లో పెట్టేది.

పెద్దాసుపత్రిలో సర్జన్ చూస్తూనే పెదవి విరిచాడు.

“రేపు మోకాలి కింద తీసెయ్యాలి. సిగరెట్లు రోజుకెన్ని?”

“మూడు ప్యాకెట్లు. కాలికీ దానికీ ఏంటి సంబంధం?”

సర్జన్ అతని ముఖంలోకి చూశాడు. “ఈ జబ్బు వచ్చేదే దానివల్ల. మానేస్తే కాలు నిలిచేది. ఒక్కటి తాగినా కాలు పోద్దని మొదట చూసిన డాక్టరు చెప్పలేదా?”

అతను మెల్లగా తల తిప్పాడు. ఆమె మంచం పక్కనే, చెయ్యి అందేంత దూరంలో నిలబడి ఉంది. పొట్ట కొంచెం ఎత్తుగా కనబడుతోంది.

“ఆ డాక్టరు నీకేం చెప్పాడే?”

“ఇదే చెప్పారు,” అందామె.