పదిహేడో కొక్కెం

“అదొక్కటీ ముట్టుకోకు,” అంది పూటకూళ్ళమ్మ.

మ్యూజియం నుంచి వచ్చిన అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడకు నలభై కొక్కేలు. ముప్పై తొమ్మిది కప్పులు అప్పటికే అట్టపెట్టెలోకి చేరాయి, ఒక్కోదానికీ ఒక్కో చీటీ కట్టి. పదిహేడో కొక్కేనికి మాత్రం ఇత్తడి కప్పు ఇంకా వేలాడుతోంది. మిగతావన్నీ కిలుం పట్టిపోతే అదొక్కటే తళతళలాడుతోంది.

సోమవారం ఈ ఇల్లు పడగొడతారు. రేవు మెట్ల మీద నడకదారి వేస్తారట, బెంచీలు కూడా వేస్తారట. నూట ఇరవై ఏళ్ళు ఉప్పు, కలప, నార బస్తాలు దిగిన రేవు అది. పడవలు నడిపే సరంగులంతా ఈ ఇంట్లోనే తిన్నారు, ఈ ఇంట్లోనే పడుకున్నారు. ఇక జనం వచ్చి గాలి పీల్చుకుని పోతారు.

“ఈ కప్పుల సంగతి చెప్పండి పెద్దమ్మా. చీటీ మీద రాయాలి.”

“మా అమ్మమ్మ పెట్టిన పద్ధతి. సరంగు వెళ్ళేటప్పుడు తన కప్పు కొక్కేనికి తగిలించి వెళ్తాడు. అది ఉన్నన్నాళ్ళూ అతనికి ఇక్కడ మంచం ఉన్నట్టు. తాగి రభస చేసినవాడి కప్పు తీసేసేవాళ్ళం. వాడు ఈసారి వచ్చినప్పుడు గుమ్మంలోంచే గోడ చూసుకునేవాడు. కొక్కెం ఖాళీగా ఉంటే మారుమాట్లాడకుండా వెళ్ళిపోవాలి. ఎందుకని అడగకూడదు. పక్కవాళ్ళు కల్పించుకోకూడదు.”

“ఎంత మర్యాద!”

“మర్యాదో, మొండితనమో.”

“మరి ఈ పదిహేడోది?”

ముసలామె ముఖం ముడుచుకుంది. “మా ఆయనది. ఆయనా సరంగే. వంతెన కడుతున్నారు, రేవు పని అయిపోయింది, దిగువన పని చూసుకున్నాను, వచ్చెయ్ అన్నాడు. ఈ ఇల్లు వదిలి రానన్నాను. మాటా మాటా పెరిగింది. అందరూ భోంచేస్తుంటే వాళ్ళ ముందే నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన ఒక్కటే అన్నాడు. ‘కప్పు తగిలించి వెళ్తున్నా. నీ కోపం సంగతి గోడే చెప్తుందిలే’ అని.”

“మళ్ళీ వచ్చారా?”

“వస్తే ఇలా ఉంటానా? ముప్పై ఏళ్ళమ్మా. కళ్ళు కాయలు కాచాయి. ఒక్కసారైనా ఈ గుమ్మంలోకి తొంగి చూడలేదు ఆ మనిషి.”

“అయినా కప్పు ఇంత శుభ్రంగా ఉంచారు.”

ఆమెకు సిగ్గేసింది. “శుక్రవారం శుక్రవారం తోముతాను. రేవుకు ఆ రోజు సెలవు ఉండేది, సరంగులంతా ఊళ్ళకు పోయేవాళ్ళు, ఇంట్లో ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అన్నేసి మాటలని, ఇప్పుడు మొగుడి కప్పు ముద్దుగా తోముకుంటోందని నలుగురూ నవ్వరూ? పొద్దున్నే పెరట్లో తోమి, ఎండబెట్టి, దీపాలవేళకు తగిలించేదాన్ని. అదే అలవాటైపోయింది. ఇవన్నీ చీటీ మీద రాయకు.”

కాసేపు ఆ కప్పునే చూస్తూ నిలబడింది. తర్వాత విసురుగా కొక్కెం నుంచి తీసి అమ్మాయి చేతిలో పెట్టింది.

“తీసుకుపో. ఎవరికోసం దాచుకోవాలి? ‘మళ్ళీ రాలేదు’ అని రాయి. నలుగురూ చదవాలి.”

అమ్మాయి అలాగే రాసి, చీటీ కట్టి, కప్పును పెట్టెలో పైన ఉంచింది.

పెట్టెలు మోయడానికి వచ్చినవాడు పాత ముఠా మేస్త్రీ. రేవు నడిచిన రోజుల్లో అరవై మంది కూలీలు అతని కేక మీద పరిగెత్తేవారు. పూటకూళ్ళమ్మ భర్తకు ప్రాణస్నేహితుడు. అలాంటివాడు ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఉన్నట్టుండి ఈ గడప తొక్కడం మానేశాడు. ఎందుకో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఇవాళ కూడా బయటే ఆగాడు.

“లోపలికి రా మేస్త్రీ. సోమవారం దాటితే నువ్వు రావాలనుకున్నా ఇల్లుండదు.”

అతను వచ్చి, పెట్టె ఎత్తబోయి, కప్పు చూసి ఆగిపోయాడు.

“ఇది అన్న కప్పు కదూ? ఎప్పుడో పారేశావనుకున్నాను వదినా.”

“నేనెందుకు పారేస్తాను?”

“కొక్కెం నుంచి తీసేశావుగా.”

“ఇప్పుడే కదా తీసింది!”

“ఇప్పుడు కాదు. వంతెన తెరిచిన ఏడాది. అన్న బస్సులో వచ్చాడు. నీకని కొత్త చెప్పులు కొనుక్కొచ్చాడు. ఈ గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి, మెట్ల మీద నా పక్కన కూలబడ్డాడు. ‘దాని కోపం తగ్గలేదురా, కొక్కెం ఖాళీ’ అన్నాడు. లోపలికెళ్ళి అడుగుదామంటే, పద్ధతి కాదన్నాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మనిషి జాడే లేదు.”

“అబద్ధం! నేను తీయలేదు. ఒట్టు!”

“ఆ పూటే నేనూ వచ్చి నా కళ్ళతో చూశాను వదినా. ఖాళీగానే ఉంది. ఇంత రాతిగుండె మనిషి ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదనుకున్నాను.”

“తాగి ఉంటారు ఇద్దరూ!” పూటకూళ్ళమ్మ కోపంతో ఊగిపోయింది. “వచ్చాడట! చూశాడట! ఇన్నేళ్ళ తర్వాత తప్పు నా మీదకు తోస్తావా?”

అమ్మాయి కప్పుకు కట్టిన చీటీ విప్పి, ‘మళ్ళీ రాలేదు’ అన్న మాట కొట్టేసింది.

“ఆయన వచ్చింది ఏ రోజో గుర్తుందా తాతగారూ?”

“తేదీ గుర్తులేదమ్మా,” అన్నాడు మేస్త్రీ పెట్టె భుజానికెత్తుకుంటూ. “వారం మాత్రం గుర్తుంది.”

“చెప్పండి, రాస్తాను.”

“శుక్రవారం.”